నూతికి గిలక మేలా, చక్రం మేలా?

పర్లాకిమిడిలో మా పెరటి నూతి మీద దూలం పుచ్చిపోయింది. మోటారు ఉంది కానీ, వేసవిలో కరెంటు పోతే మాకూ పక్కింటి ఒడియావాళ్లకీ ఆ నుయ్యే దిక్కు. ఎలాగూ దూలం మార్చాలి కదా, మళ్లీ గిలకే వేయించాలా, పిడి పట్టి తిప్పే చక్రం పెట్టించాలా అని వారం రోజులు ఇంట్లో ఒకటే వాదన. నాన్నది గిలక పక్షం. అమ్మకి భుజం నొప్పి, ఆవిడది చక్రం పక్షం.

నిజానికి దూలానికి వేలాడే ఒక్క గిలక బరువుని వీసమెత్తు కూడా తగ్గించదు. నీళ్లతో చేద 11 కిలోలుంటే లాగాల్సిందీ అంతే, పైగా ఇరుసు రాపిడి అదనం. అయినా సుళువుగా ఎందుకుంటుందంటే, గిలక లేనప్పుడు గట్టు మీదకి వంగి పైకి లాగాలి, నడుం పట్టేస్తుంది. గిలక ఉంటే నిటారుగా నిలబడి కిందికి లాగుతాం, మన ఒంటి బరువూ సాయం చేస్తుంది. కీచుమంటే నాలుగు చుక్కలు ఆముదం వేస్తే సరి.

చక్రం నిజంగానే బరువు తగ్గిస్తుంది. తాడు చుట్టుకునే దుంగ మధ్య నుంచి అంచుకి 10 సెంటీమీటర్లు, పిడి దాకా 40 అయితే, నాలుగో వంతు బలం చాలు. రాపిడి వదిలేస్తే 11 కిలోలు చేతికి 3 కిలోల్లోపే తెలుస్తాయి. కానీ ఒక్క చుట్టుకి పైకొచ్చే తాడు 63 సెంటీమీటర్లే. మా నూతిలో నీళ్లు 30 అడుగుల కింద ఉంటాయి, అంటే చేదకి పద్నాలుగు చుట్ల పైమాటే. సగంలో చెయ్యి జారితే పిడి గిర్రున వెనక్కి తిరిగి మొహం పగలగొడుతుంది. అడ్డు కొక్కెం లేని చక్రాన్ని పిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టించను.

ఏతం మాట కూడా వచ్చింది. తోటకైతే బాగుంటుంది, మా పెరట్లో అంత వాసం తిరిగే చోటేదీ?

మధ్యలో నా తెలివి ఒకటి. తాడు ఒక కొస దూలానికి కట్టి, చేద మీద రెండో గిలక పెడితే బరువు సగమవుతుంది. 9 మీటర్లకి 18 మీటర్ల తాడు లాగాలి, ఫర్వాలేదనుకున్నాను. తీరా చూస్తే ఖాళీ చేద సరిగ్గా దిగదు, దిగినా తాళ్లు రెండూ జడలా మెలిపడ్డాయి. నాన్న నవ్వు ఆపుకోలేదు.

నీళ్లు మరీ లోతున ఉండి, తోడేది ఒంటరి పెద్దవాళ్లయితే కొక్కెమున్న చక్రమే మేలు. మా నూతికి, మా తొందరకి గిలకే నయం. పాతపట్నం వెళ్లి బేరింగు గిలక తెచ్చాం. అమ్మ మాత్రం తనకి అయిదు లీటర్ల చిన్న చేద విడిగా తెప్పించుకుంది. బరువు సగం, తోడడం రెండు సార్లు. రెండు గిలకలతో నేను చేయబోయిందీ అదే.