ఐదు రూపాయల క్యాంటీన్ రివ్యూ: తిండికి నాలుగు స్టార్లు, లైన్‌కి ఐదు

హైదరాబాద్‌లో ఒక పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్ గేటు పక్కన ఉండే ఐదు రూపాయల క్యాంటీన్ గురించి రాస్తున్నా. నాది మెడికల్ రెప్ ఉద్యోగం, మధ్యాహ్నం ఆ ఏరియాలో ఉంటే అక్కడే తినేస్తా, మా ఆఫీసోళ్లు నవ్వుతారు, నవ్వనీ. తెలియనివాళ్లకి చెప్తున్నా, ఇది 2014లో నాంపల్లిలో అన్నపూర్ణ పేరుతో మొదలైన స్కీమే, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి పొద్దున టిఫిన్ కూడా మొదలుపెట్టారు, అదీ ఐదు రూపాయలకే.

ముందు తిండి సంగతి. అన్నం 400 గ్రాములు, కూర 100, సాంబార్ 120, పచ్చడి 15 గ్రాములు, ఇదీ లెక్క. మామూలు మనిషికి కడుపు నిండిపోతుంది. వేడివేడిగా ఉంటుంది, నూనె తక్కువ, కారం ఇంకా తక్కువ, గుంటూరోళ్లు వెళ్తే ఇంటి నుంచి కారప్పొడి తెచ్చుకోండి. ఆలుగడ్డ కూర పెట్టిన రోజు సూపర్, సొరకాయ రోజు పర్లేదు. మనం ఇచ్చేది 5, ప్లేటుకయ్యేది దాదాపు 30, మిగతాది జీహెచ్ఎంసీ, అంటే సిటీ కార్పొరేషన్, కట్టుకుంటుంది. నిలబడి తినాలి. అంతే, తిండి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

అసలు చెప్పాలనుకున్నది ఆ లైన్ గురించి. ఆటో డ్రైవర్లు, అడ్డా కూలీలు, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు, ఊళ్ల నుంచి పేషెంట్‌ని తీసుకొచ్చినవాళ్లు, వీళ్లందరి మధ్యలో ఫుట్‌పాత్ మీదే బతికేవాళ్లు. ఒక తాత వస్తాడు, చంకలో సంచి, మెడకి చుట్టుకున్న దుప్పటి ఎండాకాలంలో కూడా తియ్యడు, ఎక్కడ పెడితే ఎవరెత్తుకుపోతారో అని. మొన్న ఆయన వంతు రాగానే ప్లేటు వెనక్కి జరిపి "గదేంది, పైపైన పోస్తవ్, అడుగు నుంచి తియ్యి, ముక్కలు రావాలె" అన్నాడు. వడ్డించే అక్క "తీస్తున్నా తాతా, ఆగు జర" అని గరిటె లోపలికి పెట్టి ముల్లంగి ముక్కలు రెండు ఏరి వేసింది. ఆయన చూసుకుని, సరే అన్నట్టు తల ఊపి పక్కకెళ్లాడు. లైన్‌లో ఒక్కడు కూడా "ఫ్రీగా పెడుతుంటే నఖరాలా" అనలేదు. ఎందుకంటే ఫ్రీ కాదుగా, ఐదు రూపాయలిచ్చాడు, నేనెంతిచ్చానో ఆయనా అంతే ఇచ్చాడు.

ఈ మాట ఎందుకు ఇంత సాగదీస్తున్నానంటే, ఇదే తాత రోడ్డుకి అటుపక్క హోటల్‌కి వెళ్తే చేతిలో యాభై నోటు కనపడుతున్నా లోపలికి రానివ్వలేదు, "పార్సల్ తీస్కో, అటు పక్కకి నిలబడు" అన్నారు, టీ కూడా డిస్పోజబుల్ గ్లాసులో బయటికే ఇచ్చారు, మిగతా అందరికీ గాజు గ్లాసు. ఆ హోటల్ పేరు రాయను, ఆ పేరు తీసేసి మీ వీధిలో హోటల్ పేరు పెట్టుకున్నా సరిపోతుంది. డబ్బుల్లేవని గెంటేస్తే అదో లెక్క, డబ్బులున్నా గెంటేస్తున్నారు కదా, మరి అక్కడ అడ్డమేంటి, బట్టలా, వాసనా, పక్క టేబుల్ ఫ్యామిలీ లేచిపోతారనే భయమా?

ఇక పుట్టినరోజుల బ్యాచ్ ఒకటుంది. కార్లో బిర్యానీ ప్యాకెట్లు తెచ్చి పంచుతారు, మంచిదే, కాదనను, కానీ ప్యాకెట్ సగం ఇచ్చి సగం పట్టుకుని ఫోన్ వైపు చూడమంటారు చూడండి, అది తట్టుకోలేం. అవతలాయన నవ్వాలి కూడా. తద్దినాలు, పండగలు వస్తే ఒకే పూట నలుగురొచ్చి పంచుతారు, ఆ సాయంత్రం ప్యాకెట్లు కుక్కలకి పోతాయి, మర్నాడు ఎవరూ రారు. తర్వాత మనవాళ్లే "తిండి పడేస్తున్నారు, బలిసింది" అంటారు. ఉప్పెక్కువైందని ఆ ప్యాకెట్ గురించి చెప్పే ఛాన్స్ ఆయనకెక్కడుంది?

సిటీ మొత్తం చూపు కూడా అంతే లెండి. 2017 నవంబర్‌లో గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్‌కి ఇవాంకా ట్రంప్ వస్తోందని రెండు నెలలు భిక్షాటన బ్యాన్ చేసి, రోడ్ల మీద దొరికినవాళ్లని చంచల్‌గూడ జైలు ఆవరణలో పెట్టిన ఆశ్రమానికి తరలించారు, బిచ్చగాళ్లని చూపిస్తే 500 ఇస్తామని జైళ్ల శాఖ ఆఫర్ కూడా పెట్టింది. ఐదు వందలు! వంద భోజనాలు ఈ క్యాంటీన్‌లో.

మైనస్ ఒకటే, రాత్రి. టిఫిన్ ఉంది, మధ్యాహ్నం భోజనం ఉంది, రాత్రికి లేదు, ఆకలి మాత్రం మూడు పూటలా వేస్తుంది. పడుకోడానికి షెల్టర్లు లక్ష జనాభాకి ఒకటి చొప్పున, 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. రాత్రి పదింటికి ఈ హాస్పిటల్ గోడ వెంట ఒకసారి నడిచి చూడండి, వరసగా పడుకుని ఉంటారు. అందులో సగం మంది ఇల్లూ పొలం ఉన్నోళ్లే, లోపల మనిషి వార్డులో ఉంటే ఇక్కడ చాప వేసుకున్నోళ్లు, కానీ లాఠీతో గోడ మీద కొట్టి లేపేటప్పుడు ఎవరు ఏంటని ఎవరూ అడగరు. ఒక ఆదిలాబాద్ పెద్దమ్మ ఆపరేషన్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి దిండు కింద దాచుకుని పడుకుంటోంది, ఎవరైనా లేపితే ముందు అవి చూపిస్తుందట.

రేటింగ్ అడిగితే తిండికి నాలుగు, లైన్‌కి ఐదు, టైమింగ్స్‌కి రెండున్నర. రాత్రి కౌంటర్ కూడా పెడితే అది కూడా పెంచుతా. వెళ్లేవాళ్లు పన్నెండున్నరకల్లా వెళ్లండి, ఓపీ అయిపోగానే లైన్ గేటు దాకా పోతుంది. ఐదు రూపాయల బిళ్ల చేతిలో పట్టుకెళ్లండి, ఐదు వందల నోటు తీసి చిల్లర అడగొద్దు, వెనకాల వాళ్లు తిడతారు, నన్ను తిట్టారు. ముక్కలు కావాలంటే మొహమాటపడకుండా అడుగు నుంచి వెయ్యమని అడగండి, వేస్తారు.