రీట్వీట్ బటన్ లేని రోజుల నుంచి: ట్విట్టర్ వాడకంపై నా సమీక్ష

నేను ట్విట్టర్‌లో చేరింది 2009 మొదట్లో. ఇప్పుడు ఎక్స్ అంటున్నారు గానీ నా నోటికి పాత పేరే వస్తుంది. అప్పటికి రీట్వీట్ బటన్, అంటే ఇతరుల ట్వీట్‌ను ఒక్క నొక్కుతో మనవాళ్లకు పంచే బటన్, లేదు. ఎవరి మాటైనా నచ్చితే కాపీ చేసుకుని, ముందు ఆర్‌టీ (రీట్వీట్‌కు పొట్టి రూపం) అని కొట్టి, వాళ్ల పేరు పెట్టి పోస్ట్ చేసేవాళ్లం. ఉన్నవే 140 అక్షరాలు. ఒక్కోసారి పేరుకే 15 పోయేవి. మిగిలిన చోట్లో పట్టాలంటే అవతలివాళ్ల మాటను అర్థం చెడకుండా కుదించాలి, వీలైతే మన మాట ఒకటి ముందు చేర్చాలి. దాంతో ఆ ట్వీట్‌ను రెండుసార్లు చదవక తప్పేది కాదు.

ఇది కంపెనీ నేర్పిన అలవాటు కాదు. జనం మొదలుపెట్టారు, 2009 నవంబరులో కంపెనీ దానికి బటన్ పెట్టింది. రాసినవాళ్ల మాట మారకుండా వాళ్ల పేరుతోనే నలుగురికీ చేరడం మొదలైంది, అది నిజంగా మేలు. కానీ మన వ్యాఖ్యకు చోటు పోయింది. అందుకే బటన్ వచ్చాక కూడా నాలాంటివాళ్లు ఏళ్ల తరబడి చేత్తోనే ఆర్‌టీ కొట్టారు. వ్యాఖ్య జోడించి పంచుకునే వీలు సరిగ్గా కుదిరింది 2015లో. బటన్‌తో పాటే ఆ రెండోసారి చదవడమూ పోయింది. ఆ బటన్ తయారీకి నేతృత్వం వహించిన క్రిస్ వెథరెల్ 2019లో ఆ పని మీద విచారం వ్యక్తం చేశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కోపంలో చదవకుండా నొక్కేసి, తర్వాత తీసేసిన సందర్భాలు నాకూ ఉన్నాయి.

హ్యాష్‌ట్యాగ్ సంగతి వేరు. 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా అనే వాడుకరి దాన్ని ప్రతిపాదించారు. ఒక # గుర్తు, పక్కన ఒక మాట, అంతే. కోడ్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2009లో కంపెనీ దాన్ని లింకుగా మార్చినా స్వభావం చెడలేదు. థ్రెడ్‌లూ అంతే. మన ట్వీట్‌కు మనమే జవాబులిచ్చుకుంటూ గొలుసు కట్టేవాళ్లం, 2017లో అందుకో ప్లస్ గుర్తు వచ్చింది.

బయటి డెవలపర్ల చెయ్యీ తక్కువేం కాదు. తెరను కిందికి లాగితే కొత్త పోస్టులు రావడం లోరెన్ బ్రిక్టర్ ట్విట్టర్ చూసేందుకు తయారుచేసిన తన ట్వీటీ యాప్ కోసం చేసిన ఆలోచన. ఇవాళ మెయిల్ చూసుకోవడానికీ అదే సైగ. 2010లో ట్విట్టర్ ఆ యాప్‌నే కొనుక్కుంది. అలాంటి సంస్థే 2023 జనవరిలో తన యాప్‌కు పోటీగా ఉండే బయటి యాప్‌లను నిషేధించింది. అది పెద్ద తప్పని నా అభిప్రాయం. జనానికి ఏం కావాలో ముందుగా పసిగట్టింది ఆ చిన్న బృందాలే.

కంపెనీ సొంతంగా తెచ్చినవాటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది 2020లో వచ్చింది. తెరవని వ్యాసాన్ని రీట్వీట్ చేయబోతే, ముందు చదువుతారా అని అడిగేది. నేను తెరిచి చదివేవాణ్ని. సగంసార్లు చదివాక పంచుకోవాలనిపించలేదు.