కొర్రమట్టకు వెదురు గడా, రీలు రాడ్డా? ఒడ్డున మొదలుపెట్టేవాళ్లకు ఏది మేలు

మా అక్క కొడుకు మిర్యాలగూడలో ఇంటర్ చదువుతున్నాడు. సెలవులకు మా ఊరికి వచ్చినప్పుడు ఫోన్‌లో అమెరికా వాళ్లు బాస్ చేపలు పట్టే వీడియోలు చూపించాడు. "మామా, మన చెరువుల గిట్ల పట్టొచ్చా? రాడ్డు కొనమంటవా, గడతోనే మొదలుపెట్టమంటవా?" అని అడిగాడు. వాడికి ఆ పూట నోటితో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. గడ అంటే కొసకు దారం కట్టిన వెదురు కర్ర, రాడ్డు అంటే దారం చుట్టుకునే రీలు బిగించిన కడ్డీ. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు చెరువు గట్టు మీద నిలబడి గాలం నేర్చుకోవాలనుకునే ప్రతి పిల్లవాడికీ వచ్చే ప్రశ్నే ఇది.

ముందుగా ఒక మాట. బాస్ మన చెరువుల్లో దొరికే చేప కాదు. దాని సొంత ఊరు ఉత్తర అమెరికా. కానీ అలాంటి గుణమున్న చేప మనకూ ఉంది. అదే కొర్రమట్ట, కొర్రమీను అని కూడా అంటాం. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. బాస్ లాగే ఇదీ వెంటపడి వేటాడే రకం కాదు, పొంచి ఉండి ఒక్కసారిగా మీదపడే రకం. జమ్ము దుబ్బుల మొదట్లో, తామరాకుల కింద, గుర్రపు డెక్క అంచున కదలకుండా ఉంటుంది. కప్పనో, పరిగెనో దగ్గరికి వచ్చిందాకా ఆగుతుంది. అందుకే వీడియోల్లో వాళ్లు గడ్డి అంచున, పడిపోయిన చెట్ల పక్కన గాలం వేయడం చూసి నేర్చుకుంటే మనకూ పనికొస్తుంది.

రెండు తేడాలు మాత్రం గుర్తుంచుకోవాలి. బాస్‌ను పట్టినవాళ్లు కింది దవడను బొటనవేలితో పట్టుకుని ఎత్తి చూపిస్తారు. దాని పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి కాబట్టి వాళ్లకు చెల్లుతుంది. కొర్రమట్టకు నిజమైన పళ్లున్నాయి, వేలు పెడితే రక్తం కళ్లచూడాల్సిందే. రెండోది, కొర్రమట్ట పైకి వచ్చి గాలి మింగుతుంది. ఆ అలవాటే మనకు దాని చిరునామా చెబుతుంది. పొద్దున గాలి లేనప్పుడు అరగంట ఊరికే కూర్చుంటే, ఆకుల మధ్య నీళ్లు చిన్నగా పగిలి, ఒక బుడగ తేలి, మళ్లీ సద్దుమణగడం కనబడుతుంది. ఏ సామాను కొన్నా ఇది చూడడం రాకపోతే లాభం లేదు.

ఇక గడ సంగతి. పన్నెండు అడుగుల వెదురు గడ, అంతే పొడుగు నైలాన్ దారం, నీళ్ల మీద తేలడానికి జొన్న సొప్ప బెండు, చిన్న సీసం ముక్క, ఒక గాలం, డబ్బాలో తడి మన్నుతో పాటు ఎర్రలు (వానపాములు). నాకు అన్నీ కలిపి రెండు వందలు దాటలేదు. ఎర్రలు పశువుల కొట్టం వెనక తవ్వితే దొరుకుతాయి. గాలం కట్టేటప్పుడు దారాన్ని అయిదు చుట్లు తిప్పి, ముడిని నోటి తడితో తడిపి మెల్లగా బిగించాలి. పొడి దారాన్ని జర్రున లాగితే రాపిడికి వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. చేప తెంపుకుపోయిందని మనం అనుకునే చాలాసార్లు తెగింది ముడి దగ్గరే.

గడ నేర్పే అసలు విద్య బెండును చదవడం. పరిగెలు వస్తే బెండు టిక్కుటిక్కుమని వణుకుతుంది కానీ మునగదు. జెల్ల అయితే పక్కకు ఈడ్చుకుపోతుంది. బంగారుతీగ కింద మట్టిలోంచి ఎరను నోట్లోకి తీసుకుని తల ఎత్తితే సీసం బరువు తేలిపోయి, నిలబడ్డ బెండు నీళ్ల మీద అడ్డంగా పడుకుంటుంది. కొర్రమట్ట మాత్రం ముందస్తుగా ఏమీ చెప్పదు. బెండు ఒక్కసారిగా కనబడకుండా పోతుంది, ఆ తర్వాత దారం నీళ్లను చీల్చుకుంటూ జమ్ము వైపు నెమ్మదిగా నడుస్తుంది. ఆ నడక మొదలైనప్పుడే గడ ఎత్తాలి. మరీ ఆలస్యం చేస్తే గాలం గొంతులోకి దిగుతుంది. అప్పుడు చిన్న చేపను వదిలేద్దామన్నా అది బతకడం కష్టం. ఇన్ని రకాల కదలికలు ఒక్క సాయంత్రంలో కళ్ల ముందు జరిగేది గడతోనే. రాడ్డుతో రబ్బరు కప్ప (కప్పలా చేసిన ఉత్తుత్తి ఎర) వేసినవాడికి నాలుగు గంటల్లో ఒక్క దెబ్బ పడితే గొప్ప.

ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కొత్తవాళ్లు దూరంగా విసరాలనుకుంటారు. కొర్రమట్ట తరచుగా ఒడ్డుకు రెండు మూడు గజాల లోపే ఉంటుంది. మనం ధనధనమని నడిచి గట్టు అంచుకు వచ్చేసరికి అది తప్పుకుంటుంది, అప్పుడు చెరువు నడుమకు ఎంత విసిరినా ఖాళీయే. గడ చేతిలో ఉన్నవాడు దూరం విసరలేడు కాబట్టి మెత్తగా నడవడం నేర్చుకుంటాడు, తన నీడ నీళ్ల మీద పడకుండా కూర్చోవడం నేర్చుకుంటాడు. ఆకుల మధ్య పళ్లెమంత ఖాళీ ఉంటే అందులోకి ఎరను చప్పుడు లేకుండా దింపడం గడతో అయినంత సులువుగా దేనితోనూ కాదు.

మరి రీలు రాడ్డు? నాకు రాడ్డు, రీలు, అల్లిక దారం, నాలుగు రబ్బరు కప్పలు కలిపి మూడు వేలు దాటాయి. ఏడడుగుల గట్టి రాడ్డు, ముప్పై పౌండ్ల బరువు ఆపే ఆ అల్లిక దారం (బ్రెయిడ్) ఉంటే గుర్రపు డెక్కలోంచి కూడా చేపను లాక్కురావచ్చు. రబ్బరు కప్పకు రెండు గాలాలు వీపు మీదికి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకుల మీద పాకించినా చిక్కుకోదు. ఈ కప్పలు బాస్ వేటగాళ్ల సామానులోంచి మన దాకా వచ్చినవే, కొర్రమట్టకు కూడా చక్కగా పనిచేస్తాయి. బతికున్న కప్పను గాలానికి గుచ్చే పద్ధతి మన దగ్గర పాతదే కానీ నేను మానేశాను. పొలంలో పురుగు తినే ప్రాణిని అలా హింసించడం నాకు నచ్చదు, రబ్బరు కప్పతో అదే పని అవుతున్నప్పుడు ఆ అవసరమూ లేదు.

కప్పను ఆకుల అవతలకు వేసి, చిన్నచిన్న కుదుపులతో తెచ్చి, నీళ్లు కనబడే సందులో ఒక క్షణం ఆపాలి. దెబ్బ పడేది అక్కడే. బుడుంగుమని చప్పుడొచ్చి నీళ్లు లేస్తాయి. కొత్తవాడు ఆ చప్పుడుకు ఉలిక్కిపడి రాడ్డు లాగేస్తాడు, కప్ప ఎగిరి వచ్చి ఒళ్లో పడుతుంది. లాగాల్సింది చప్పుడు విని కాదు, దారం బరువెక్కాక. మనసులో ఒకటి, రెండు అనుకుని, దారం కదులుతోందని తెలిశాక బలంగా గుంజాలి, ఎందుకంటే దాని నోరంతా ఎముకే. ఈ రెండు అంకెలు లెక్కపెట్టే ఓపిక నాకు ఒక వానాకాలమంతా రాలేదు.

గడ ఓడిపోయేది పెద్ద చేప దగ్గర. ఒకసారి మా చెరువు తూము పక్కన రెండు కిలోల పైనే ఉండే కొర్రమట్ట గడకు పడింది. కంగారులో నిలువునా పైకి ఎత్తాను. గడ కొస ఫట్టున విరిగింది, దారం, బెండు చేపతోనే పోయాయి. దాని నోట్లో గాలం ఉండిపోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. గడకు దారం వదిలే వీలు లేదు, కాబట్టి పక్కకు తిప్పుకుంటూ ఒడ్డుకు ఈడ్చాలే తప్ప ఎత్తకూడదు. రీలుకైతే డ్రాగ్ ఉంటుంది. దాన్ని సరిగ్గా బిగిస్తే చేప గుంజినప్పుడు దారం తెగకుండా కొంత వదులుతుంది. పాతిక అడుగుల అవతల మాత్రమే చేప కనబడే చోట, కాళ్లు దిగబడే బురద ఒడ్డున, రీలు లేకుండా పని జరగదు.

చోటును బట్టి కూడా సమాధానం మారుతుంది. ఊరి చెరువుకు గడ చాలు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం లాంటి పెద్ద నీళ్లకు, దేవరకొండ వైపు డిండికి, మహబూబ్‌నగర్ వైపు కోయిల్‌సాగర్‌కు వెళ్తే గడ అందదు, రీలు కావాలి. సాగర్ ఎడమ కాలువ గట్టు మీద మాత్రం కొత్తవాళ్లు రెండింటిలో ఏదీ పట్టుకుని దిగొద్దు. సిమెంటు వాలు మీద నాచు పట్టి ఉంటుంది, నీళ్లు వేగంగా పోతుంటాయి, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కృష్ణ ఒడ్డున అయితే మొసళ్ల సంగతి అక్కడివాళ్లను అడగకుండా నీళ్ల అంచున కూర్చోకూడదు.

ఊరి చెరువుల్లో కూడా ఒక జాగ్రత్త ఉంది. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైన 2015 నుంచి చాలా చెరువుల్లో పూడిక తీశారు. అలా మట్టి తీసిన చోట మోకాలి లోతు నీళ్ల పక్కనే నిలువెత్తు గుంత ఉండొచ్చు. ఆ గుంత అంచు చేపలకు మంచి చోటు, మన కాలుకు మాత్రం కాదు. గాలం చిక్కుకుంటే తెంపుకోవాలి, దాని కోసం దిగొద్దు. కట్ట కింద మోటార్లకు పోయే కరెంటు తీగలు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది, తడిసిన వెదురూ నమ్మదగింది కాదు. విసిరే ముందు తల ఎత్తి చూడడం అలవాటు చేసుకోవాలి.

కాలం విషయంలో నాకు ఒక తాత చెప్పిన మాట ఉంది. మిరుగు (మృగశిర కార్తె) పోయి వానలు పడ్డాక ఒక పొద్దున తుంగ పక్కన నీళ్ల మీద జానెడు మేర ఎర్రగా ఏదో మెదులుతూ కనబడింది. మునుగుతోంది, మళ్లీ తేలుతోంది. సరిగ్గా దాని పక్కనే రబ్బరు కప్ప వేయబోయాను. గట్టు మీద మేకలు కాస్తున్న ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అది నాచు గాదు బిడ్డా, కొర్రమట్ట పిల్లలు. తల్లి కిందనే ఉంటది. ఇప్పుడది ఆకలికి కొరకది, పిల్లల మీద పానంతోని కొరుకుతది. దాన్ని తీసినవనుకో, ఆ మందంత పొద్దుమీకే సరికి పరిగెలకూ కొంగలకే పోతది."

నేను కూర్చుని చూశాను. ఎర్రటి పిల్లలు వందల్లో ఒక్కసారిగా గాలి కోసం పైకి వస్తున్నాయి, వాటి కింద నల్లటి వీపు ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. బాస్‌కు కూడా ఇదే గుణం. అక్కడ మగ చేప గూడు కాస్తుంది, దాని దగ్గరికి ఏది వచ్చినా కొడుతుంది. కప్ప వేసినవాడికి ఇంతకంటే సులువైన చేప ఉండదు, అందుకే ఆ రోజుల్లో రాడ్డు కంటే గడే నయం అంటాను. ఎర్రతో జెల్లలూ, జిలేబీ చేపలూ పట్టుకోవచ్చు, పిల్లల మంద ఉన్న చోటుకు వెళ్లకుండా ఉండొచ్చు. జెల్లను విప్పేటప్పుడు పక్క రెక్కల ముళ్లు, వీపు ముల్లు చూసుకోవాలి, గుచ్చుకుంటే చెయ్యి గంటల తరబడి సలుపుతుంది.

కాబట్టి మా వాడికి చెప్పింది ఇదీ. మొదటి ఏడాది గడ కొనుక్కో. వానాకాలం నుంచి సంక్రాంతి దాకా ఒకే చెరువు పట్టుకో, నాలుగు చెరువులు తిరగొద్దు. బుడగ చూసి చేప ఎక్కడుందో చెప్పగలిగినప్పుడు, బెండు చూసి ఏ చేపో ఎత్తకముందే చెప్పగలిగినప్పుడు రాడ్డు కొను. మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు తగ్గి చేపలన్నీ మిగిలిన మడుగులోకి చేరతాయి. కప్ప వేయడం నేర్చుకోవడానికి అవే మంచి నెలలు. డబ్బులున్నాయని రెండూ ఒకేసారి కొనుక్కుంటే గడ మూలన పడుతుంది, నేను అలా జరగడం చూశాను. ఇంటికి దగ్గరలో రిజర్వాయర్ తప్ప చెరువు లేనివాళ్లకు మాత్రం నా సలహా వేరు. వాళ్లు నేరుగా రీలుతోనే మొదలుపెట్టాలి, కాకపోతే మొదటి నెల రబ్బరు కప్ప బదులు సీసం, ఎర్ర కట్టి అడుగున వేసుకుంటే చేప ముట్టుకోవడం చేతికి తెలుస్తుంది.

గాలం ఏదైనా, వేసే ముందు మత్స్య సహకార సంఘం వాళ్లను అడగాలి. చెరువులో చేపల మీద హక్కు వాళ్లది. ముదిరాజులు, గంగపుత్రులు ఆ నీళ్ల మీదే బతుకుతున్నారు. 2016 తర్వాత ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బొచ్చ, రవ్వ చేపపిల్లలను వాళ్లే వదిలి, నెలల తరబడి కాపలా కాస్తారు. మా చెరువు సంఘంలో అడిగితే, కొర్రమట్టకూ జెల్లకూ గాలం వేసుకోమన్నారు, బొచ్చ పడితే వదిలేయమన్నారు. వలలు వేసే రోజుల్లో అసలు రావొద్దన్నారు. అల్లుణ్ని తీసుకుపోయి వాళ్లకు పరిచయం చేశాను. వాళ్లలో పెద్దాయన వాడి చేతిలో గడ చూసి, దారం కాస్త పొడుగైందని చెప్పి, మూరెడు కోసి మళ్లీ కట్టిచ్చాడు.