పార్కరైజింగ్ కిట్: సీసాలో మందు బాగుంది, మిగతా పెట్టె దండగ

తుపాకీల ఉక్కు మీద కనిపించే ఆ మెరుపులేని బూడిద రంగు ఫినిష్‌ని, అంటే పార్కరైజింగ్‌ని, ఇంట్లోనే వేసుకునే కిట్ ఒకటి తెప్పించాను. మాంగనీస్ ఫాస్ఫేట్ కాన్సంట్రేట్ సీసా (అసలు మందు ఇదే), జిడ్డు వదిలించే డీగ్రీజర్ డబ్బా, బ్యారెల్ (తుపాకీ గొట్టం) మూయడానికి రబ్బరు బిరడాలు, ఒక కాగితం. అంతే పెట్టెలో ఉన్నవి.

నేనుండేది ఒహాయోలో. ఇక్కడ సొంత రైఫిల్‌కి ఈ పని ఇంట్లో చేసుకునేవాళ్లు చాలామందే. నాది 1950ల నాటి ఎం1 గారండ్ అనే అమెరికన్ సైనిక రైఫిల్, మనకి ట్రాక్టర్లతో తెలిసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ చేసింది. ఒరిజినల్ ఫినిష్ ఉన్న పాత రైఫిల్‌ని మాత్రం ఎంత వెలిసిపోయినా ముట్టుకోకండి, కలెక్టర్ల దగ్గర దాని విలువ పడిపోతుంది. నాదానికి ఎవరో ఎప్పుడో బ్లూయింగ్ (ఉక్కుకి వేసే నీలి నలుపు ఫినిష్) వేసేశారు కాబట్టి ఆ బెంగ లేదు.

ముందు ఆ కాగితం సంగతి. శుభ్రం చేయండి, ముంచండి, నూనె రాయండి అని రాసి వదిలేశారు. నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ ఫాస్ఫేటింగ్ లైన్ పక్కనే పనిచేసినవాణ్ణి. అక్కడ ఫాస్ఫేట్ ట్యాంకు ఒక్కటే, దానికి ముందు కడిగే ట్యాంకులే వరసగా ఉండేవి. ఆ వరసంతా ఈ కాగితంలో ఒక్క మాట అయిపోయింది!

కిట్‌లోని డీగ్రీజర్‌కి నారింజ వాసన బాగుంది, పనే లేదు. కడిగి ఆరబెట్టిన ట్రిగ్గర్ హౌసింగ్‌ని ఎసిటోన్ గుడ్డతో తుడిస్తే గుడ్డ గోధుమ రంగుకి తిరిగింది. ఈ రైఫిళ్లని కాస్మొలీన్ గ్రీజులో పెట్టి దాచేవాళ్లు, అది సందుల్లోకి దిగిపోయి ఉంటుంది. వేడినీళ్లు, డిష్ సోపు, ఆ తర్వాత ఎసిటోన్ వాడితేనే వదిలింది. బ్రేక్ క్లీనర్ వాడేవాళ్లు క్లోరిన్ లేనిది చూసి కొనండి. క్లోరిన్ ఉన్నది వేడి తగిలితే విషవాయువు వదులుతుంది.

అసలు పని బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి (గ్రిట్) కొట్టి ఉక్కు పైపొరని గీకడం. కాగితంలో దాని ఊసే లేదు. అల్యూమినియం ఆక్సైడ్, 80 నుంచి 120 గ్రిట్ మధ్యది వాడాలి. గ్లాస్ బీడ్స్ వద్దు, అవి ఉక్కుని నున్నగా చేస్తాయి. ఫాస్ఫేట్‌కి గరుకు కావాలి. బ్లాస్టింగ్‌లో పాత బ్లూయింగ్ కూడా లేచిపోతుంది. ఆపరేటింగ్ రాడ్ చివర ఉండే పిస్టన్‌కి మాత్రం దళసరిగా టేపు చుట్టండి, దాని కొలత తగ్గకూడదు. స్ప్రింగులు పక్కన పెట్టేయండి. గ్యాస్ సిలిండర్ స్టెయిన్‌లెస్, దాన్ని ఎంతసేపు ముంచినా రంగు పట్టదు. కిట్ అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పినా ఎంతోమందికి టెన్షన్ తప్పేది.

బ్లాస్టింగ్ అయ్యాక వట్టి చేత్తో పట్టుకోకూడదు. వేలి జిడ్డు తగిలిన చోట ఫినిష్ మచ్చగా వస్తుంది. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని, స్టెయిన్‌లెస్ తీగకి వేలాడదీసి, తుప్పు పట్టేలోపు ముంచేయాలి. జిడ్డు పోయిందో లేదో తెలియాలంటే నీళ్లు పోసి చూడండి: నీరు చుక్కలుగా విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకుంటే పోయినట్టే.

బిరడాలు శుద్ధ దండగ. వేడి ద్రావణంలో మెత్తబడి ఊడిపోయాయి. పాత ఇనప ముక్కతో ముందే పరీక్షించాను కాబట్టి బ్యారెల్ లోపలికి మందు పోలేదు. పౌడర్ కోటింగ్ వాళ్లు వాడే సిలికాన్ బిరడాలు కొనుక్కోండి.

మందు మాత్రం నిజంగా మంచిది. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, స్టెయిన్‌లెస్ పాత్రలో 90 డిగ్రీల సెల్సియస్ దాటించాను, మరగనివ్వలేదు. అల్యూమినియం గిన్నె పనికిరాదు, మందులో యాసిడ్ ఉంది. కొత్త ద్రావణంలో ముందు కాస్త స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) కరగనిస్తే ఫినిష్ సమంగా వస్తుంది. భాగం ముంచగానే బుసబుసమని బుడగలు లేస్తాయి, అవి తగ్గాక తీసేయాలి. అది హైడ్రోజన్, అందుకే తలుపులు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా ఎలక్ట్రిక్ పొయ్యి మీద చేయండి. తర్వాత వేడినీళ్లు, వంటసోడా నీళ్లు, మళ్లీ వేడినీళ్లు, ఆపైన రాత్రంతా నూనెలో. పొద్దున చూస్తే దట్టమైన నలుపు కలిసిన బూడిద రంగు, ఒక్క మచ్చ లేదు.

మందుకి ఐదుకి నాలుగున్నర, కిట్‌కి రెండు. ఇదే సీసా విడిగా కూడా అమ్ముతున్నారు, అదొక్కటే కొనండి. మిగిలిన డబ్బు బ్లాస్టింగ్ గ్రిట్‌కి పెట్టండి.