బోన్‌హమ్‌లో స్పీకరు గారి ఇల్లు: ఒక లైన్ ఇన్‌స్పెక్టర్ వేసిన మార్కులు

విద్యుత్ శాఖలో 31 ఏళ్లు స్తంభాల చుట్టూ తిరిగి రిటైరైనవాణ్ని. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి "ఒక రాజకీయ నాయకుడి ఇల్లు చూద్దాం నాన్నా" అంటే మొహం చిట్లించాను. "అమెరికా పల్లెలకు కరెంటు తెచ్చిన చట్టంలో ఈయన చెయ్యి ఉంది" అనేసరికి బూట్లు వేసుకున్నాను.

టెక్సస్‌లోని బోన్‌హమ్, డాలస్ నుంచి గంటకు పైగా దారి. సామ్ రేబర్న్ 1916లో కట్టించిన రెండంతస్తుల తెల్లటి ఇల్లు. 1913 నుంచి 1961లో కన్నుమూసేదాకా, 48 ఏళ్లకు పైగా ఆయన అమెరికా ప్రతినిధుల సభలో (మన లోక్‌సభ లాంటిది) ఉన్నారు. అందులో మొత్తం 17 ఏళ్లు స్పీకరు. మా ఊళ్లో ఒకసారి మండలాధ్యక్షుడిగా చేసినాయన ఇల్లు దీనికి రెండింతలుంటుంది.

లోపల సామాను ఆయన వాడినదే. వెంట ఉండి తిప్పి చూపించిన ఆవిడకు ఓపిక ఎక్కువ, నేను అడిగిందే రెండుసార్లు అడిగినా విసుక్కోలేదు. నేను అడిగింది పల్లెలకు కరెంటు తెచ్చిన ఆ 1936 చట్టం గురించే. అటు ఎగువ సభ సెనేట్‌లో జార్జ్ నారిస్ అనే సభ్యుడు, ఇటు ప్రతినిధుల సభలో రేబర్న్ పట్టుబట్టి నెగ్గించుకున్నారు. అప్పటికి అక్కడి రైతు ఇళ్లలో పదింట తొమ్మిదింటికి కరెంటు లేదు. నాలుగు ఇళ్ల కనెక్షన్ల కోసం మైళ్లకొద్దీ తీగ లాగితే గిట్టదని ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేశాయి. ఆ లెక్క తప్పని నేననను, లైను వేసినవాడికి తెలుస్తుంది. అందుకే రైతులు సహకార సంఘాలు పెట్టుకుంటే ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిచ్చింది.

గ్యారేజీలో 1947 నాటి కాడిలాక్ ఉంది. ఎన్నికల్లో పార్టీ ఓడి స్పీకరు పదవి, దాంతోపాటు ప్రభుత్వ కారు పోతే, సహచర సభ్యులు తలా కొంత వేసుకుని కొనిచ్చారు. మా అబ్బాయి ఫోటోలన్నీ దాని ముందే.

ఊళ్లో ఆయన పేరిట ఉన్న గ్రంథాలయాన్ని వదలకండి. రాజధానిలోని స్పీకరు గదిని అచ్చంగా అక్కడ దించారు. ఆ బల్ల ముందు నిలబడితే నాకు 1941 ఆగస్టు గుర్తొచ్చింది. సైనికుల సేవాకాలం పొడిగించే బిల్లుకు 203 ఓట్లు, వ్యతిరేకంగా 202. ఎవరూ మనసు మార్చుకునే వ్యవధి ఇవ్వకుండా ఆయన ఫలితం ఖాయం చేసేశారు. నాలుగు నెలలు తిరక్కుండానే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి.

రెండూ చూడటానికి ఒక పూట ఉంచుకోండి, చూపించే వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అయిదుకు నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర మార్కు కోత మా అబ్బాయి తొందరకు. తిరిగి వస్తుంటే పొలాల వెంట కర్ర స్తంభాలు, ఇంటింటికీ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా. ఒకచోట స్తంభం కాస్త వాలి ఉంది. కారు ఆపరా అన్నాను. ఆపలేదు.