యలహంక – చిక్కబళ్ళాపుర రైలు: కొండ ఎక్కడానికి కాదు, చూడటానికి

బెంగళూరు ఉత్తరాన యలహంకలో ఇల్లు తీసుకున్న దగ్గర్నుంచీ ఈ ప్యాసింజర్ బండి ఎక్కుతూనే ఉన్నాను. నందికొండ (నంది హిల్స్) మీద సూర్యోదయం చూడాలనుకునేవాళ్ళకి మాత్రం ఇది పనికిరాదు. నంది హాల్టు స్టేషన్లో దిగితే కొండ ఎదురుగానే ఉంటుంది కానీ పైకెళ్ళే రోడ్డు చాలా చుట్టు. ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు. దానికి బైకో, బస్సో మేలు.

కొండ పాదాల అందం చూడాలంటే మాత్రం ఈ బండే. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. దేవనహళ్ళి దాకా గోడలు, లేఅవుట్లు, విమానాశ్రయం హడావిడి. ఫోన్ చూసుకున్నా నష్టం లేదు. అవతిహళ్ళి దాటాక ద్రాక్ష పందిళ్ళు, రాగి చేలు, వాటి వెనక నున్నటి రాతి కొండలు వరసగా వస్తాయి. వానాకాలం పొద్దున మబ్బు సగం కొండను మింగేస్తుంది. మన నెల్లూరు దాకా పారే పెన్న పుట్టింది ఈ కొండల్లోనే. ఇప్పుడు ఇక్కడ చూస్తే చాలా వాగుల్లో ఇసుకే.

ఈ లైను మైసూరు సంస్థానం రోజుల్లో, 1915 ప్రాంతంలో వేశారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే నారో గేజ్, ఖర్చు తక్కువని. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి నంది హాల్టుకు దగ్గరే. పూర్వీకుల ఊరు మోక్షగుండం మాత్రం మన గిద్దలూరు వైపు. 1990లలో ఇటువైపు బ్రాడ్‌గేజ్ అయింది కానీ, చిక్కబళ్ళాపుర నుంచి కోలారు దాకా పూర్తయ్యేసరికి 2013 వచ్చింది. నంది హాల్టులో పాత స్టేషన్ భవనాన్ని పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇన్‌టాక్ వాళ్ళు బాగుచేశారు. అక్కడ దిగి భోగనందీశ్వరుడి గుడికి వెళ్ళండి. కొండ మీదకంటే నాకు ఆ గుడే ఇష్టం.

ఇంకో సంగతి, బండి కోలారు దాకా వెళ్ళేదైతే పెట్టె నిండా తెలుగే. చింతామణి, శ్రీనివాసపుర వాళ్ళు "యాడికి పోతా ఉండారు?" అని పలకరించి జరిగి చోటిస్తారు. మామిడి కాలంలో ధరల గురించి ఒకటే చర్చ.

టికెట్ చవక. బండ్లు మాత్రం తక్కువ, ఒకటి తప్పితే పూట పోయినట్టే. సింగిల్ లైను కాబట్టి ఎదురు బండి క్రాసింగ్ కోసం ఆపేస్తారు, ఎంతసేపో చెప్పేవాళ్ళుండరు. చిన్న స్టేషన్లలో తినడానికి ఏమీ దొరకదు, నీళ్ళు, టిఫిన్ ఇంటి నుంచే తెచ్చుకోండి. ఆదివారం వెళ్ళేట్టయితే తిరుగు బండి ఉందో లేదో ముందే చూసుకోండి.