కొత్త బ్యారెల్: తూటా తూటాకీ తుడవాలా, మామూలుగా కాల్చుకోవాలా?

పర్లాకిమిడిలో లైసెన్స్ రైఫిల్ కొన్న మా బావ మొదటిరోజే అడిగాడు, కొత్త బ్యారెల్‌ని (తూటా దూసుకెళ్లే గొట్టాన్ని) ఒక్కో తూటా కాల్చి తుడవడం మేలా, లేక లోపలి నూనె తుడిచేసి మామూలుగా కాల్చుకోవడమా అని. మొదటి పద్ధతిలో లోపల మిగిలిన గరుకు కాస్త సర్దుకుని తూటా పైతొడుగు రాగి తక్కువ అంటుతుంది, సాల్వెంట్ (రాగిని కరిగించే ద్రవం) గుడ్డకి నీలం రంగు తగ్గుతూ వస్తుంటే కళ్లకే తెలుస్తుంది. కానీ లాపింగ్ చేసిన (లోపల సన్నటి పొడితో రుద్ది నున్నగా చేసిన) బ్యారెల్‌కి ఆ అవసరం దాదాపు ఉండదు, పైగా మనకి తూటాలు లెక్కగానే దొరుకుతాయి, పది అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది. నేనైతే రెండోదే అంటాను. ఏదైనా సరే, రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని తుడిచే రాడ్‌ని ఛాంబర్ (తూటా పెట్టే చోటు) వైపు నుంచే తోయండి, మూతి అంచు దెబ్బతింటే గురి పోతుంది. మహేంద్రగిరి వానల్లో తుడిచాక పల్చగా నూనె రాయకపోతే తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు, మళ్లీ కాల్చేముందు ఆ నూనె తుడిచేయాలి.